పదేళ్లు దాటితే పియానో రాదా? ఎవరు చెప్పారండీ!

మా అమ్మకి 61 ఏళ్లు. చెన్నై పెరంబూరులో ఒక తెలుగు టీచర్ దగ్గర పియానో నేర్చుకుంటోంది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే వారం రోజులుగా మీరంతా నాకు పంపిస్తున్న ఆ రీల్ చూసి నాకు నిద్ర పట్టలేదు. "పదేళ్లలోపు మొదలుపెట్టకపోతే పియానో రాదు, పెద్దవాళ్లు డబ్బు తగలేసుకోకండి" అన్నారు కదా ఒకాయన, అదే. కింద మన చెన్నై తెలుగువాళ్లే "నిజమే, నాకు వేళ్లు తిరగలేదు, మానేశాను" అని వరసగా రాశారు. అవి చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

నేను చెప్పేది ఒకటే మాట. పెద్దవాళ్లకి పియానో రాకపోతే తప్పు వయసుది కాదు, పాఠానిది. ఆరేళ్ల పిల్లల పాఠం తెచ్చి అరవై ఏళ్లావిడ ముందు పెడితే ఎలా వస్తుందండీ? మళ్లీ చెప్తున్నాను. వయసుది కాదు, పాఠానిది!

వేళ్లు బిగుసుకుపోతాయా? పియానో మీద ఒక కీ దిగడానికి ఎంత బరువు పడాలో తెలుసా? సుమారు 50 గ్రాములు. అంతే. ఇన్నేళ్లు పిండి కలిపి, ముగ్గులు వేసి, పూలు కట్టిన చెయ్యి మా అమ్మది. పూలు కట్టేటప్పుడు ఆ వేళ్లు చూశారా ఎప్పుడైనా? ఒక్కో వేలు ఒక్కో పని చేస్తుంది. ఆ వేళ్లకి 50 గ్రాములు బరువా?

ఇంకోటి. వయొలిన్ మీద స్వరం ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి, వేలు కాస్త జరిగితే అపస్వరం. పియానోకి ఆ బాధ లేదు. 52 తెల్ల కీలు, 36 నల్ల కీలు, మొత్తం 88. అన్నీ ముందే శ్రుతి చేసి ఉంటాయి. చెన్నై ఉక్కకి చెక్క ఉబ్బి మళ్లీ మళ్లీ ట్యూనింగ్ చేయించాలి, అది టీచర్ టెన్షన్, డిజిటల్ పియానో అయితే అదీ లేదు. మొదటి రోజు కూర్చున్నవాళ్లు నొక్కినా స్వరం స్వరంలాగే పలుకుతుంది. ఏ స్వరం విన్నా ఠక్కున పేరు చెప్పే చెవి ఉంటుంది చూడండి, అది ఆరేడేళ్లలోపు సంగీతం మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. నిజం, కాదనను. కానీ పియానో వాయించడానికి ఆ చెవి తప్పనిసరి కాదు! ఆ రెండూ కలిపేసి జనాన్ని భయపెట్టారే, అక్కడే నాకు మండింది.

అమ్మని ముందు వేరే క్లాసులో చేర్పించాను. పేరు వద్దు. వెళ్లగానే అక్కడి టీచర్ అడిగింది, "ఏ గ్రేడ్ పరీక్షకి కడతారు?" అని. గ్రేడ్ పరీక్ష సంగతి మీకు తెలుసు. మూడు పీసులు, స్కేల్స్, అప్పటికప్పుడు చూసి వాయించడం, విని చెప్పడం. ఏబీఆర్ఎస్ఎం అనే లండన్ సంగీత పరీక్షల బోర్డు అయితే 150కి 100 వస్తే పాస్, 130 వస్తే డిస్టింక్షన్. పిల్లలకి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. మా అమ్మకెందుకు? మూడు నెలలు అమ్మ ముందు ఎలుగుబంట్ల బొమ్మలున్న పుస్తకం పెట్టి, ఒకే పీసు రుద్దించారు. ఇంకో మాట, ఆ పరీక్ష పెట్టే బోర్డే వయసు పరిమితి పెట్టలేదు. మరి మధ్యలో వీళ్లెవరండీ పెట్టడానికి?

ఇప్పుడు పెరంబూరు టీచర్ సంగతి. వాళ్ల నాన్నగారు తెలుగు సినిమాలు మద్రాసులో తీసిన రోజుల్లో కోడంబాక్కం స్టూడియోల్లో వాయించారు. ఆవిడ పియానో నేర్చుకున్నది రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ దగ్గర. ఎనిమిదో గ్రేడ్ దాకా వెళ్లి, తర్వాత కర్ణాటక సంగీతం కూడా నేర్చుకున్నారు. నా లెక్కలో ఆవిడ బలమంతా అక్కడే ఉంది. మొదటి రోజు పుస్తకం తియ్యలేదు. "అమ్మా, మీకు సరళీ వరుసలు వచ్చా?" అని అడిగారు, కర్ణాటక సంగీతంలో మొట్టమొదటి పాఠాలు అవే.

అమ్మ చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకుని పెళ్లయ్యాక మానేసింది. టీచర్ మధ్యలో ఉన్న సి కీ చూపించి "ఇది మీ సా" అన్నారు. సరళీ వరుసలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో రి, ద రెండే నల్ల కీల మీద పడతాయి, మిగతావన్నీ తెల్లవి. సరిగమ ఎడమ చేతి నాలుగు వేళ్లకి, పదనిస కుడి చేతి నాలుగు వేళ్లకి. రెండు చోట్లా కీల మధ్య దూరాలు అచ్చం ఒకటే! అరగంటలో అమ్మ మొదటి వరుస రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించింది. మూడు నెలలు ఎలుగుబంట్లతో రానిది అరగంటలో వచ్చింది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, మాత్రం పియానో మీద పలకదని ఆ రోజే చెప్పేశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అదే గదిలో సాయంత్రం ఆరేళ్ల బాబు వస్తాడు. వాడి చెయ్యి ఒక సా నుంచి పై సా దాకా చాచినా అందదు, అది 16 సెంటీమీటర్ల పైమాటే. కాళ్లు నేలకి ఆనవని పీట వేస్తారు. వాడికి ముందు చప్పట్లతో తాళం, వాళ్ల అమ్మ పక్కనే కూర్చుని తనూ నేర్చుకోవాలి. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు నుంచి వచ్చే ఐటీ అబ్బాయికి మూడు కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు), ఒక సినిమా పాట. ఒకరి పాఠం ఇంకొకరికి పెట్టరు.

ఇళయరాజా గారిని తీసుకోండి. 1943లో పుట్టారు. 1968లో మద్రాసు వచ్చాక, పాతికేళ్ల వయసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. రీల్ ఆయన లెక్క ప్రకారం పదిహేనేళ్లు ఆలస్యం! "ఆయనకి అప్పటికే హార్మోనియం వచ్చు కదా" అంటారేమో. అవును, నేననేదీ అదే. మా అమ్మకి సరళీ వరుసలు వచ్చినట్టే ఆయనకి హార్మోనియం వచ్చు. చిన్నప్పుడు కాస్త సంగీతం నేర్చుకున్న మన తెలుగు అమ్మలకి, అత్తయ్యలకి సగం పియానో ఇప్పటికే వచ్చండీ. ఆ సగం ఏమిటో అడిగే టీచర్ దొరకడం లేదు, అంతే.

అమ్మ రోజూ మధ్యాహ్నం గిన్నెలు సర్దాక ఇరవై నిమిషాలు కూర్చుంటుంది. మొన్న ఆదివారం మూడో కాలం అందుకుంది. ఎడమ చెయ్యి ఇంకా వెనకబడుతోంది, ఉంగరం వేలు మాట వినడం లేదు. టీచర్ "కుడి చేతిని ఆపండమ్మా, ఎడమది వచ్చేదాకా" అంటున్నారు.

ఆ రీల్ కింద "మానేశాను" అని రాసిన అక్కా, అన్నా, మీ చేత మొదటి రోజు ఏం వాయింపించారో కామెంట్లో రాయండి. అన్నీ కూర్చుని చదువుతాను.