ఇంటికి ఏ పని పంపాలి?

(హనుమకొండలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ఒక పూట పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

హోంవర్క్ ఉండాలా, వద్దా అన్న విషయంపై మాట్లాడమన్నారు. ఉండాలనే నేనంటాను. అయితే ఇప్పుడు పిల్లల డైరీల్లో రాసి పంపుతున్నదానిలో సగానికి పైగా కొట్టేయాలని కూడా అంటాను.

ప్రభుత్వ నిబంధనల సంగతి ముందే చెప్పేస్తాను. 2020 నాటి కేంద్ర బడి సంచి విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు ఒక గంట, ఆపైన రోజుకు రెండు గంటలు మించకూడదు. ఎల్‌కేజీ పాపకు నాలుగు పేజీల చూచిరాత ఇస్తున్న బడులు ఎన్నో చెప్పడానికి చేతులెత్తమని మిమ్మల్ని అడగను. లెక్కపెట్టడం నా వల్ల కాదు.

అసలు చిక్కు గంటల్లో లేదు. జగిత్యాల, కామారెడ్డి వైపు చాలా ఇళ్లలో తల్లి చీకటి పడ్డాక కూడా చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంటుంది. సిరిసిల్లలో తండ్రి రాత్రి షిఫ్టుకు మరమగ్గం దగ్గర ఉంటాడు. నర్సంపేట, మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే రోజుల్లో తల్లి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఆ ఇంటికి మనం భిన్నాల కూడిక పంపిస్తాం. తరగతిలో సగం మందికి అర్థం కాని లెక్కను ఆ తల్లి ఎట్లా విడమరిచి చెబుతుంది? చెప్పలేక ట్యూషన్‌కు పంపుతుంది. బడి చేయాల్సిన పనికి ఆమె రెండోసారి డబ్బు కడుతుంది. గురుకులంలో పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది, అడిగితే చెప్పడానికి దగ్గర్లో ఒక టీచర్ ఉంటారు. ఇంటి నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు ఆ అండ ఎక్కడిది?

కాబట్టి నేను కోరేది ఒక్కటే: బడికి తెలిసిన దాన్ని బడిలోనే నేర్పండి, ఇంటికి తెలిసిన దాన్ని ఇంటి నుంచి తెమ్మనండి. వెయ్యి బీడీలు చుడితే, కట్టకు ఇరవై ఐదు చొప్పున ఎన్ని కట్టలవుతాయి? ఏనుమాముల మార్కెట్‌కు పోయిన మిర్చికి క్వింటాలు ధర ఎంత పలికింది, కూలీ, కిరాయి, కమీషన్ పోను చేతికి ఎంత వచ్చింది? ఐదో తరగతి పిల్లవాడు అడిగి తెలుసుకుని లెక్క చేయగలడు. ఆ లెక్కలో అమ్మ కూడా అతనికి గురువే. ఎక్కాలు, చదివిన పాఠాన్ని మళ్లీ చదువుకోవడం వంటి సాధన ఎలాగూ ఉండాల్సిందే. కాకపోతే ఎవరి సాయమూ లేకుండా పిల్లలు చేయగలిగినంతే ఇవ్వాలి.

పెద్ద తరగతుల సంగతి కొంత వేరు. అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్, ఆయన సహచరులు పాత అధ్యయనాలను సమీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. హోంవర్క్‌కూ చదువులో ఫలితాలకూ ఉన్న సంబంధం ఏడో తరగతి నుంచి బలంగా, చిన్న తరగతుల్లో బలహీనంగా కనిపించింది. మనం మాత్రం చిన్నవాళ్ల మీదే ఎక్కువ బరువు మోపుతున్నాం.

ప్రాజెక్టు వర్క్ గురించి ఎక్కువ చెప్పను. చార్టు షాపువాడిది, అతికించింది అమ్మ, మార్కులు పిల్లవాడివి.

ఉపాధ్యాయ మిత్రులకు కోపం వస్తుందని తెలిసీ ఒక లెక్క చెబుతాను. నలభై మంది ఉన్న తరగతిలో నోటుబుక్కుకు రెండు నిమిషాలు చొప్పున దిద్దితే ఎనభై నిమిషాలు, అంటే దాదాపు రెండు పీరియడ్లు. అంత తీరిక ఎవరికీ ఉండదు కనుక ఎర్ర సిరాతో టిక్కు పెట్టి సంతకం చేస్తాం. తప్పు లెక్క మీద టిక్కు పడితే ఆ పిల్లకు తప్పే ఒప్పని నేర్పినట్టు. పది లెక్కలు ఇచ్చి చూడకపోవడం కన్నా రెండు ఇచ్చి, ఎక్కడ తడబడిందో పక్కన రాయడం మేలు.

తల్లిదండ్రుల వంతు కూడా ఉంది. ‘మీ బడిలో హోంవర్కే ఇవ్వరా?’ అని ఫిర్యాదు చేసేది మీరే. ఆ మాటకు భయపడే యాజమాన్యాలు పేజీలు పెంచుతున్నాయి. ఈ సాయంత్రం నోటుబుక్కు తెరిచినప్పుడు పేజీలు లెక్కపెట్టకండి. టీచర్ ఎక్కడైనా ఒక వాక్యం రాశారేమో వెతకండి. లేకపోతే వెళ్లి అడగండి.

ఇక ప్రశ్నలు అడగవచ్చు. వెనుక వరుసలో కూర్చున్న అమ్మలతో మొదలుపెడదాం.