రోజలిండ్ ఫ్రాంక్లిన్: మార్స్ మీద దిగడమే అసలు పరీక్ష

లావణ్య: రఘు గారూ, యూరప్ వాళ్ల రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవర్ 2028లో బయల్దేరుతుందంటున్నారు, దిగేది మాత్రం 2030లో. ఎందుకంత ఆలస్యం?

రఘు: దుమ్ము తుఫాన్ల కాలం తప్పించడానికండి. రోవర్ నడిచేది సోలార్ పలకలతో. అందుకే చుట్టుదారిన వెళ్లి, గాలి తేటపడ్డాక మార్స్ మీది ఆక్సియా ప్లానమ్ అనే మైదానంలో దిగాలని ప్లాన్.

లావణ్య: దీని డ్రిల్ 2 మీటర్లు దిగుతుందట. అంత లోతెందుకు?

రఘు: మార్స్‌కి దట్టమైన గాలి లేదు, భూమికున్నట్టు అయస్కాంత కవచమూ లేదు. పైపొరలో కర్బన అణువులున్నా రేడియేషన్ ఎప్పుడో విరగ్గొట్టేసి ఉంటుంది. పాతకాలపు ప్రాణి ఆనవాళ్లు చెడకుండా మిగిలితే కిందే మిగలాలి. డ్రిల్‌కి 50 సెంటీమీటర్ల కడ్డీలు మూడు ఒక్కోటీ తగిలిస్తూ దింపుతారు. పైకొచ్చే నమూనా 3 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటర్ మందం, అంతే. నాకైతే ఈ మిషన్ విలువంతా ఆ చిన్న ముక్కలోనే ఉంది.

లావణ్య: ముందు క్షేమంగా దిగాలిగా. 2019లో పారాచూట్లు చిరిగాయి కదా?

రఘు: స్వీడన్‌లోని కిరునాలో, మే, ఆగస్టు పరీక్షలు రెండింటిలోనూ. పెద్ద పారాచూట్లు రెండు: 15 మీటర్లది ధ్వనివేగాన్ని మించి పోతుండగా విచ్చుకోవాలి, వేగం తగ్గాక 35 మీటర్లది. పారాచూట్ గుడ్డ, దాన్ని మడిచిపెట్టిన సంచిలోంచి దూసుకొచ్చేటప్పుడే రాపిడికి దెబ్బతింది. అందుకని సంచి మార్చారు, తాళ్లు మెలిపడకుండా వచ్చేలా మడత మార్చారు. ఆ పెద్దదాన్ని మడవడానికే దాదాపు మూడు రోజులు!

లావణ్య: భూమ్మీద మార్స్ గాలి ఎక్కడ దొరుకుతుంది?

రఘు: దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ గాలి పల్చన, మార్స్‌కి దగ్గరగా ఉంటుంది. హీలియం బెలూన్‌తో పైకి తీసుకెళ్లి వదిలేస్తారు. 2025 జూలైలో అలా వదిలితే రెండూ చక్కగా విచ్చుకున్నాయి.

లావణ్య: అంటే ఇక గండం గడిచినట్టేనా?

రఘు: లేదండి. 2016లో మార్స్ మీద దిగబోయిన యూరప్ వాళ్ల ల్యాండర్ స్కియాపరెల్లి పారాచూట్ బాగానే తెరుచుకుంది. కానీ తిరుగుడు కొలిచే సెన్సర్ ఒక్క సెకను గరిష్ఠ విలువ దగ్గర ఆగిపోయింది. ఆ లెక్క నమ్మి కంప్యూటర్ ఎత్తు మైనస్‌లోకి పోయిందనుకుంది. ఇంకా 3.7 కిలోమీటర్లు ఉండగానే పారాచూట్ వదిలేసి, ఇంజిన్లు 3 సెకన్లకే ఆపేసింది. దాంతో నేలకి గుద్దుకుంది.

లావణ్య: మరి ఈసారి దింపే వేదిక ఎవరిది?

రఘు: మొదట రష్యాది. 2022లో ఆ ఒప్పందం తెగింది. ఇప్పుడు ఎయిర్‌బస్ కొత్తది కడుతోంది. దానికి రెండు ఎదురెదురు వైపులా ర్యాంపులుంటాయి. దిగాక రాళ్లు ఎటు తక్కువుంటే రోవర్ని అటు దించుతారు.