డాట్సన్ 240జెడ్‌లో షెవ్రోలే ఎల్‌ఎస్1: కిట్ బిగింపు భేష్, నీళ్ళ దారే మర్చిపోయారు

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, 240జెడ్ కారులో ఎల్‌ఎస్1 ఇంజిన్ బిగించుకునే ఈ కిట్‌ని తయారుచేసినవాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందు మాకు చూపించండి అని కూడా అడగలేదు. పేరు, ధర, పార్టుల జాబితా కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, ఇక్కడ మళ్ళీ చదవను.

కారు 1972 డాట్సన్ 240జెడ్. దీని అసలు ఇంజిన్ 2.4 లీటర్లు, ఆరు సిలిండర్లు, కాగితం మీద 151 హార్స్‌పవర్. ఇప్పుడు లోపలున్నది 2002 షెవ్రోలే కమారో కారు నుంచి తీసిన ఎల్‌ఎస్1, 5.7 లీటర్ల వీ8. వెనక టీ56 ఆరు గేర్ల బాక్సు. ఒక కంపెనీ కారులో ఇంకో కంపెనీ ఇంజిన్ మనకేం కొత్త కాదు. అంబాసిడర్‌కి 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ పోయి ఇసుజు 1.8 వచ్చింది కదా, అది హిందుస్థాన్ మోటార్స్ చేసిన పనే. ఫ్యాక్టరీలో అయితే రేడియేటర్ నుంచి హోసు క్లిప్పు దాకా ఎవరో ఒకరు కొలిచి పెడతారు. షెడ్డులో ఆ కొలతలన్నీ మన నెత్తిన పడతాయి. కిట్‌కి డబ్బు పెట్టేది ఆ బరువు తగ్గుతుందనే.

బిగింపు వరకు నాకు బాగా నచ్చింది. మౌంటింగులు పాత బోల్టు రంధ్రాల్లోనే కూర్చున్నాయి, ఎక్కడా డ్రిల్ పెట్టలేదు. గేర్‌బాక్స్ కింద ఇచ్చిన రేకు ముక్కలతో తోక భాగం ఎత్తు సరిచేసుకోవచ్చు. ఇది చిన్న విషయం అనుకోకండి. యాంగిల్ గేజ్ పెట్టి ఇంజిన్ వాలు, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా) పినియన్ వాలు రెండూ కొలవండి. తేడా ఒక డిగ్రీ దాటితే హైవే మీద సీటు కింద వణుకు మొదలవుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా అది పోదు.

ఆయిల్ పాన్ కమారోదే వాడండి. ఇదే రకం ఇంజిన్ ట్రక్కుల్లోనూ వస్తుంది, కానీ ఆ ట్రక్కు పాన్ లోతెక్కువ, రోడ్డుకు తగులుతుంది. ట్రక్కు ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి పంపే భాగం) కూడా వద్దు, అంత ఎత్తుకు బానెట్ మూతపడదు.

ఇప్పుడు నా గొడవకి వస్తా. ఇదిగో, ఈ రబ్బరు క్యాప్ చూడండి. చిటికెన వేలి గోరంత ఉంది. కిట్‌లో ఇచ్చారు. ఇంజిన్ ముందు ఈ సన్నటి పైపు కనిపిస్తోందా? రెండు హెడ్‌ల, అంటే సిలిండర్ల పైన మూతల్లా ఉండే భాగాల, ముందు మూలల నుంచి వస్తుంది. దీన్ని ఆ క్యాప్‌తో మూసేయమని సూచనల కాగితంలో రాశారు. మూయకండి. దయచేసి మూయకండి.

ఇది ఆవిరి బయటికి పోయే దారి. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టుల చుట్టూ నీళ్ళు అక్కడక్కడ మరుగుతాయి, ఆ ఆవిరి హెడ్ పైభాగానికి చేరుతుంది. కమారోలో అది ఈ పైపులోంచి థ్రాటిల్ బాడీ మీదుగా రేడియేటర్‌కి పోతుంది. దారి మూసేస్తే బుడగ అక్కడే తిష్ఠ వేస్తుంది. బుడగ ఉన్నచోట లోహానికి నీళ్ళు తగలవు. ఎక్కువగా దెబ్బ తినేది వెనకున్న 7, 8 సిలిండర్లు. ఇంకా ఘోరం ఏంటంటే, టెంపరేచర్ సెన్సర్ ఎడమ హెడ్ ముందు భాగంలో ఉంటుంది. వెనక హెడ్ గాస్కెట్ కాలిపోతున్నా మీటరు ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది. ఇంత ఖరీదైన కిట్‌లో ఒక పావు అంగుళం లైను, రెండు ఫిట్టింగులు పెట్టడానికి చేతులు రాలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది.

240జెడ్‌లో సమస్య ఇంకా ఎక్కువ. బానెట్ ముందుకు వాలి ఉంటుంది కాబట్టి రేడియేటర్ మూత ఇంజిన్ కంటే కిందికి పోతుంది. గాలి పైకే పోతుంది కదా, మూత దగ్గరికి రాదు. అందుకని ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద, అన్నిటికంటే ఎత్తులో, ప్రెషర్ క్యాప్ ఉన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టాలి. ఆవిరి లైను ట్యాంకు పైభాగానికి. ట్యాంకు అడుగు నుంచి ముప్పావు అంగుళం హోసు వాటర్ పంపు పీల్చే వైపుకి. నెట్టే వైపు కలిపితే ఒత్తిడి ఎదురు తన్ని ఆవిరి కదలదు. రేడియేటర్‌కి మామూలు మూత తీసేసి ప్రెషర్ లేని గట్టి మూత పెట్టేయండి.

మిగతావి త్వరగా చెప్తా. పాత పెట్రోలు పంపు కార్బురేటర్ల కోసం చేసింది, ఎల్‌ఎస్1కి 58 పీఎస్‌ఐ ఒత్తిడి కావాలి, అంత ఒత్తిడి ఇచ్చే ఎలక్ట్రిక్ పంపు వేయాలి. 1999 నుంచి 2003 దాకా వచ్చిన షెవ్రోలే కార్వెట్ ఫిల్టర్‌లో ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ కలిసే ఉంటుంది, విడిగా రెగ్యులేటర్ అక్కర్లేదు. హోసులు మాత్రం ఇంజెక్షన్ రేటింగ్ ఉన్నవే వేయండి, మామూలువి పగిలితే నిప్పే. ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, దొంగతనం లాక్, అదే వ్యాట్స్, తీయించకపోతే ఇంజిన్ స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతుంది. టీ56లో స్పీడోమీటర్ కేబుల్‌కి చోటు లేదు, ఎలక్ట్రానిక్ మీటరు కొనుక్కోవాలి. డిఫరెన్షియల్ పాత ఆర్180 ఈ టార్క్‌కి నిలవదు, ఆర్200కి మారండి. ఇవేవీ కిట్‌లో లేవు, లేవని వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి తప్పు పట్టను. అన్నిటికంటే ముందు ఫ్లోర్ కింద ఫ్రేమ్ రెయిల్స్, బ్యాటరీ ట్రే కింద రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తుప్పుంటే వెల్డింగ్ అయ్యాకే ఇంజిన్ సంగతి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఒక ఊరట, 1975 వరకు వచ్చిన పెట్రోలు కార్లకి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, లేదు. ఇండియాలో చేయించాలనుకునేవాళ్ళు మాత్రం మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 చదివి, ఆర్టీఓ ఆఫీసులో అడిగాకే స్పానర్ పట్టండి.

నా తీర్పు: మౌంటింగులు విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని కొనండి. మొత్తం కిట్ మాత్రం, ఆ రబ్బరు క్యాప్ తీసేసి లైను ఇచ్చేదాకా, కొనమని చెప్పలేను.

ఇదిగో, గాలి తీసే పద్ధతి చూడండి. కారు ముక్కు ఒక అడుగు ఎత్తాం, హీటర్ వాల్వు తెరిచాం, ఆవిరి లైనులో తాత్కాలికంగా ఒక పారదర్శక హోసు ముక్క పెట్టాం. ఇంజిన్ చల్లగా ఉంది, ఐడిల్‌లో ఉంది. బుడగలు ఒకదాని వెనక ఒకటి, పూసల దండలా పోతున్నాయి. ఇవి ఆగాక ఆపేసి, వేడెక్కకముందే అసలు హోసు బిగించేస్తాం.