ఆ బకెట్టు మోసింది నేనేనా?

(దృశ్యం: వైజాగ్ ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంటు మెట్లు. కెమెరా మెల్లగా పైకి వెళుతుంది.)

లిఫ్ట్ లేదండీ ఈ బిల్డింగులో. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చిన్నప్పుడు మేం ఉన్నది ఇక్కడే. పోయిన నెల ఓ పని మీద వస్తే మూడో అంతస్తు మామ్మగారు తలుపు తీశారు. నా పేరు గుర్తు రాలేదు ఆవిడకి. కానీ వెంటనే, "హుద్‌హుద్ తుఫానప్పుడు నీళ్లు మోసిన అబ్బాయివి కదూ!" అన్నారు.

నాకేమో ఒక్క ముక్క గుర్తు లేదు.

(దృశ్యం: ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర. వెనక అలల చప్పుడు.)

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు గురించి వైజాగ్‌లో ఎవర్ని కదిపినా ఓ కథ ఉంటుంది. కిటికీ అద్దాలు పగలడం నాకు గుర్తుంది. మర్నాడు కైలాసగిరి మీద పచ్చదనమంతా ఎవరో కాల్చేసినట్టు మాడిపోయి ఉండటం గుర్తుంది. కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్లు లేవు. వీధిలోకి ట్యాంకర్ వస్తే, లైన్లో ఓ అంకుల్‌తో నేను గట్టిగా గొడవపడ్డాను. అందరూ చూశారు. నిజం చెప్పాలంటే, ఆ సిగ్గుతోనే ఇన్నేళ్లూ ఈ వైపు రాలేదు.

మామ్మగారిని మెల్లగా అడిగాను. "ట్యాంకర్ దగ్గర గొడవా? ఏ గొడవ నాయనా?" అన్నారు.

దీని మీద అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది, 2000లో అచ్చయింది. ఒక పాటగాడి బొమ్మ ఉన్న టీషర్టు, కుర్రాళ్లు వేసుకోవడానికి సిగ్గుపడేది, ఒక విద్యార్థికి తొడిగించి కొందరు కూర్చున్న గదిలోకి పంపారు. ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, దాదాపు సగం మంది అన్నాడు. ఇలా చాలామందితో చేసి చూస్తే, నిజంగా గమనించింది నాలుగో వంతు మందే. మన టీషర్టు మనకి గొప్ప. ఎదుటివాడి టెన్షన్ వాడికుంటుంది.

2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు ఇంకోటి చూపించారు. కొత్తవాళ్లిద్దరు కాసేపు మాట్లాడుకుని విడిపోయాక, అవతలివాళ్లకి తను నిజంగా నచ్చినదానికంటే తక్కువే నచ్చాననే ఎవరికివారు అనుకుంటారట.

సరే, బకెట్టు సంగతికొద్దాం.

(దృశ్యం: మళ్లీ మెట్లు. ఆకుపచ్చ బకెట్టు, అంచు నుంచి నీళ్లు తొణుకుతూ.)

మామ్మగారు చెప్పిన రెండు రోజులకి నాకు 'గుర్తొచ్చేసింది'. ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్టు, చేతికి దిగిన కడ్డీ, మెట్ల మీద తడి. చిక్కేమిటంటే ఆకుపచ్చ అని ఆవిడ చెప్పలేదు. మరి ఆ రంగెక్కడిది?

జ్ఞాపకం ఫోన్‌లో దాచిన వీడియో కాదు. తలుచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని ఉన్న ముక్కలతో మళ్లీ అల్లుతుంది, లేనిచోట ఊహతో పూడుస్తుంది. 2000లో కరీం నాదర్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, గట్టిపడిన భయం జ్ఞాపకం కూడా గుర్తుచేసుకున్నప్పుడు మళ్లీ మెత్తబడుతుందనీ, దాన్ని కొత్తగా భద్రపరచాల్సి వస్తుందనీ తేలింది. మెత్తగా ఉన్నప్పుడు పక్కవాళ్ల మాట అంటుకుంటే అంటుకోదూ?

అందుకేనేమో, "కరెంటు లేని ఆ రోజులు ఎంత బాగుండేవిరా, అందరం మేడమీదే కబుర్లు" అంటుంటారు మా ఫ్రెండ్స్ ఇప్పుడు. బాగాలేవండీ! పాల ప్యాకెట్ కోసం తెల్లారకుండా తిరిగాం. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటికి చేరడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలు కలిపి 'నోస్టాల్జియా' అన్నప్పుడు అది జబ్బు పేరు. సొంతూరికి దూరమై కుంగిపోయే స్విస్ వాళ్ల కోసం పెట్టాడు. మేం మాత్రం ఊరు వదలకుండానే ఆ జబ్బు తెచ్చుకున్నాం.

(దృశ్యం: బీచ్ రోడ్డు, మురీ మిక్చర్ బండి. చేతిలో పొట్లం, చెవి దగ్గర ఫోన్.)

ఈ స్క్రిప్ట్ రాసుకున్నాక అమ్మకి ఫోన్ చేసి, నేను నీళ్లు మోసిన సంగతి గొప్పగా చెప్పాను.

"నువ్వెక్కడ మోశావురా? నువ్వు కింద ఆ అంకుల్‌తో దెబ్బలాడుతుంటే, మీ అన్నయ్య మోశాడు" అంది.

మామ్మగారు ఆ రోజు చేతిలో రెండు సున్నుండలు పెట్టి పంపారు. రెండూ నేనే తినేశాను. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.