21 గ్రాముల ఎర: వేటకి వెళ్లేవాళ్లని కెమెరా కంపెనీలు ఎలా బుట్టలో వేస్తున్నాయి?

21 గ్రాములు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఇవాళ గొడవంతా దీని గురించే.

పోయిన వీడియోలో ఒక మాటన్నాను. వీపున సంచి వేసుకుని ఐదారు రోజులు కొండల్లో తిరిగే వేటగాడికి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అంటే బొమ్మని పట్టే సెన్సర్ పెద్దగా ఉండేది, శుద్ధ దండగ అని. అంతే, తేనెతుట్టె కదిలింది! "నీకసలు ఫొటోగ్రఫీ వచ్చా?" అన్నారు. సరే, పడతాను. "ఇప్పుడు ఫుల్‌ఫ్రేమ్ కూడా చిన్నగా వస్తోంది, నువ్వింకా ఏ కాలంలో ఉన్నావ్?" అన్నారు చూడండి, దానికి మాత్రం ఊరుకోను.

సోనీ ఏ7సీ టూ. ఫుల్‌ఫ్రేమ్. బ్యాటరీ, కార్డు వేసి తూస్తే 514 గ్రాములు. అదే కంపెనీది ఏ6700, ఏపీఎస్‌సీ, అంటే చిన్న సెన్సర్. 493 గ్రాములు. తేడా 21. చేతిలో పెట్టి కళ్లు మూసుకోమంటే ఏది బరువో చెప్పలేరు. అప్పుడు ఎవరికైనా ఏమనిపిస్తుంది? "ఈ మాత్రం దానికి చిన్న సెన్సర్‌తో సరిపెట్టుకోవడం దేనికి, పెద్దదే కొనేద్దాం." అదిగో, ఎర మింగేశారు. గాలం ఎక్కడుందో ఇప్పుడు చూపిస్తాను.

బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, ఒక్కటే పట్టుకుని జింకని ఫొటో తీయలేం కదా! లెన్సు కావాలి. దూరాన ఉన్న జంతువు కోసం ఫుల్‌ఫ్రేమ్ వాళ్లంతా ఎగబడేది 200-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు మీద. ఆ అంకె ఎంత పెద్దదైతే దూరంది అంత దగ్గరగా కనిపిస్తుంది. ట్రైపాడ్‌కి బిగించే కాలర్ ఊడదీసి తూచినా 2,115 గ్రాములు. చిన్న సెన్సర్‌కి 70-350 ఉంది. అది 625 గ్రాములు! చిన్న సెన్సర్ బొమ్మని ఒకటిన్నర రెట్లు దగ్గరగా చూపిస్తుంది కాబట్టి 350ని ఒకటిన్నరతో గుణించండి, 525 వస్తుంది. ఇక్కడ 600, అక్కడ 525. ఆ 75 మిల్లీమీటర్ల కోసం కిలోన్నర మోస్తున్నారు. పైగా చివరికి జూమ్ చేస్తే రెండూ ఎఫ్ 6.3 లెన్సులే. "100-400 ఉంది కదా బాస్" అంటారేమో. ఉంది. 1,395 గ్రాములు, అదీ 400 దగ్గరే ఆగిపోతుంది.

ఇదేమీ వాళ్ల చేతగానితనం కాదు, లెక్క అలాంటిది. ఎఫ్ అంకె అంటే లెన్సు మిల్లీమీటర్లని వెలుగొచ్చే దారి వెడల్పుతో భాగిస్తే వచ్చేది. అంటే 600ని 6.3తో భాగించండి, 95 వస్తుంది. ముందు గాజు అడ్డంగా కనీసం 95 మిల్లీమీటర్లు ఉండి తీరాలి, ఏ ఇంజనీరూ తగ్గించలేడు. 350ని భాగిస్తే 56 కూడా రాదు. బాడీని ఎంతైనా చిక్కించొచ్చు, ఈ గాజుని చిక్కించలేరు. నా అనుమానం చెప్పనా? అందుకే బాడీ బరువుని అంత పెద్ద అక్షరాల్లో వేస్తారు. లెన్సు బరువు మాత్రం పేజీ అడుగునెక్కడో వెతుక్కోవాలి.

కిలోన్నరే కదా అంటారా? అంటే లీటరున్నర నీళ్లు. వెళ్లేటప్పుడు తెలియదు. వేట దొరికాక తెలుస్తుంది, అసలు సంగతి. ఎముకలు తీసేసిన మాంసం కూడా అదే సంచిలోకి ఎక్కుతుంది. ఎల్క్ అనే భారీ జింక లాంటిదైతే ఒక్కడు ఒక్క విడతలో దించలేడు, అదే కొండ రెండు మూడు సార్లు ఎక్కి దిగాలి. రెండో విడతలో భుజం పట్టీ కోస్తుంటే ఆ లెన్సుని లోయలోకి విసిరేయాలనిపిస్తుంది. ఉత్తిమాట కాదు, నాకు అనిపించింది.

అసలు కథ అంతకు ముందు రోజుది. పొద్దున్నే, ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. 60 గజాల్లో మగ ఎల్క్, నోట్లోంచి ఆవిరి కూడా కనిపిస్తోంది. కెమెరా ఎక్కడుంది? సంచి లోపల, దుప్పటి కింద, మెత్తటి కవర్లో. నడుం బకిల్ నొక్కాను, టక్. అది తలెత్తింది. జిప్పు లాగాను, జర్ర్ర్. అంతే, పొదలు ఊగడం మాత్రం చూశాను. అన్నీ కలిపి 40 సెకన్లు. అప్పుడు నా దగ్గరున్నది ఫుల్‌ఫ్రేమ్, దాని సెన్సర్ గొప్పదనమంతా ఆ దుప్పటి కిందే పడుకుంది.

"చీకట్లో పెద్ద సెన్సరే బాగుంటుంది" అనేవాళ్లకి నా జవాబు ఇదే. నిజమే, ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుగు, ఇంకొంచెం లాభం ఉంటుంది. కానీ సంచిలో ఉన్న కెమెరాకి చీకటైనా వెలుగైనా ఒకటే. బరువైనదాన్ని ఛాతీ మీద వేలాడదీసుకోలేక సంచిలో పెడతాం, సంచిలో పెట్టాం కాబట్టి ఫొటో పోతుంది. బరువు వల్ల వీపు నొప్పి ఒక్కటే కాదు, ఫొటో కూడా పోతుంది. ఇంకెన్నిసార్లు చెప్పాలి?

ఇంకో చిత్రం. కిలోమీటరు అవతల ఉన్న జంతువుని తీయాలని కదా ఆ 600 కొనేది? మధ్యాహ్నం ఎండకి నేలమీంచి లేచే వేడిగాలికి బొమ్మ నీళ్లలోలా వణుకుతుంది, ఎంత ఖరీదైన లెన్సైనా. చల్లటి పూట అంత దూరంది తీయాలంటే మీ దగ్గర ముందే ఒక గాజు ఉంది: స్పాటింగ్ స్కోప్, జంతువుల్ని దూరం నుంచి చూసే చిన్న టెలిస్కోప్. ట్రైపాడ్ కూడా ఉంది. ఎలాగూ మోస్తున్నారు! ఫోన్‌కి ఒక అడాప్టర్ తగిలించి స్కోప్‌లో కన్ను పెట్టి చూసే చోట బిగించండి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు తీసేయండి. వేలు తగిలితే చాలు, ఊగిపోతుంది. పత్రికలో అచ్చు వేసే ఫొటో రాదు, ఒప్పుకుంటాను. కొమ్ములు లెక్కపెట్టుకోవడానికి, ఇంటికొచ్చాక నలుగురికి చూపించడానికి బ్రహ్మాండంగా వస్తుంది.

అన్నట్టు, "249 గ్రాముల డ్రోన్ ఉందిగా, అదే తెస్తా" అని ఒకాయన అన్నాడు. అయ్యా, డ్రోన్‌తో జంతువుని వెతికి వేటాడటాన్ని అమెరికా రాష్ట్రాలు అలాస్కా, కొలరాడో 2014లోనే నిషేధించాయి. ఫొటో కోసమే అని ఆఫీసర్‌కి చెప్పి చూడండి, నమ్ముతాడేమో!

బ్యాటరీల సంగతి గబగబా చెప్పేస్తాను. ఇందాకటి రెండు బాడీలకీ ఒకే బ్యాటరీ, ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100, ఒక్కోటి 83 గ్రాములు. చలికి లిథియం డీలాపడుతుంది, అందుకని స్పేర్‌ది లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో. నాది సాక్సులో పెడతాను, నవ్వకండి.

ఇప్పుడు మీ పని. వేటకి వేసుకున్నట్టే సంచి పూర్తిగా నింపి వేసుకోండి, బకిల్స్ అన్నీ పెట్టండి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. సంచి దించకుండా మొదటి ఫొటో ఎన్ని సెకన్లకి పడిందో కింద రాయండి. ఫుల్‌ఫ్రేమ్ వాళ్లు ముందు రాయాలి, అబద్ధం చెప్పకుండా. నాది ఛాతీ పట్టీ మీద ఏ6700, 70-350. నాలుగు సెకన్లు.