పురుగు కోసం దాచిన ప్రోటీన్ మనకెందుకు పడదు?

హోస్ట్: నమస్కారం. ఫుడ్ అలర్జీల గురించి ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడుగుతున్నారు. మనం ఈసారి మనిషి దగ్గర కాకుండా పురుగు దగ్గర మొదలుపెడదాం. మన గెస్ట్ మొక్కల ప్రోటీన్ల మీద పనిచేసే పరిశోధకురాలు. మేడమ్, పల్లీ పడనివాళ్ళకు, పల్లీని తినే పురుగుకు ఏమిటి సంబంధం?

గెస్ట్: ఇద్దరినీ ఇబ్బంది పెట్టేది చాలావరకు ఒకే రకం ప్రోటీన్లు. మొక్క పారిపోలేదు కదండీ. అందులోనూ గింజ సంగతి చూడండి. మొలకకు కావలసిన పిండి, నూనె, ప్రోటీన్ అన్నీ ఒకే చోట ఉంటాయి. కాబట్టి ప్రతి పురుగు కన్నూ దాని మీదే. అందుకే గింజలోని ప్రోటీన్లలో కొన్ని మొలకకు తిండిగా ఉంటూనే, ఎవరైనా కొరికితే వాళ్ళకు అరగకుండా చేస్తాయి.

హోస్ట్: అంటే విషమా?

గెస్ట్: అన్నీ విషాలు కావు. పురుగు పేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌లు ఉంటాయి, ప్రోటీన్‌ను ముక్కలు చేసేవి. మొక్క తయారుచేసే ఇన్హిబిటర్ వెళ్ళి ఆ ఎంజైమ్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. పురుగు తింటుంది గానీ తిన్నది ఒంటబట్టదు. సోయాలో ఇలాంటి ఇన్హిబిటర్‌ను మోజెస్ కునిట్జ్ అనే శాస్త్రవేత్త 1940లలో స్ఫటికంగా వేరుచేశాడు. 1947 నాటికే సోయా పదార్థాల మీద కొన్ని పురుగుల లార్వాలు సరిగా ఎదగడం లేదని గమనించారు. గోధుమలోనైతే పిండిని అరిగించే అమైలేజ్‌ను అడ్డుకునే ప్రోటీన్లున్నాయి. బేకరీల్లో ఏళ్ళ తరబడి పిండి పీల్చేవాళ్ళకు వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో అవి కూడా ఉన్నాయి.

హోస్ట్: ఇవి మొక్కలో ఎప్పుడూ ఉంటాయా, పురుగు పడ్డాక తయారవుతాయా?

గెస్ట్: గింజలో ముందే నిల్వ ఉంటాయి. ఆకుల్లో మాత్రం చాలావరకు దెబ్బ తగిలాకే తయారవుతాయి. 1972లో గ్రీన్, రయన్ అనే ఇద్దరు దీన్ని చూపించారు. కొలరాడో పెంకుపురుగు బంగాళాదుంప ఆకునో టమాటా ఆకునో కొరికితే, ఆ ఆకులోనే కాదు, దూరంగా ఉన్న ఆకుల్లో కూడా ఇన్హిబిటర్లు పెరుగుతాయి.

హోస్ట్: కబురు వెళ్తుందన్నమాట!

గెస్ట్: వెళ్తుంది. టమాటాలో ఆ కబురు మొదలుపెట్టే అణువును 1991లో రయన్ బృందమే పట్టుకుంది. పద్దెనిమిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పేరు సిస్టెమిన్. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం మాత్రం బొప్పాయి మీద చేసింది. ఆకు తెంపితే పాలు కారతాయి చూడండి, అందులో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. జపాన్ పరిశోధకులు 2004లో ఆకులను సన్నటి పీలికలుగా కోసి, పాలు కడిగేసి గొంగళిపురుగులకు పెట్టారు. శుభ్రంగా తిని పెరిగాయి. పాలున్న ఆకు తిన్నవి చనిపోయాయి, లేదా ఎదగలేదు. పపైన్‌ను పనిచేయకుండా చేసి పెడితే, పాలున్న ఆకు కూడా వాటిని ఏమీ చేయలేదు. ఆ పపైన్ పొడిని పీల్చే ఫ్యాక్టరీ కార్మికుల్లోనేమో అలర్జీలు వచ్చాయి. కివీ పండులోని ముఖ్యమైన అలర్జెన్, అంటే అలర్జీ తెచ్చే పదార్థం, యాక్టినిడిన్. అది దీనికి దగ్గరి చుట్టమే.

హోస్ట్: సరే, పురుగు కథ అర్థమైంది. మన ఒంట్లో ఏం జరుగుతుంది?

గెస్ట్: అలర్జీ ఉన్నవాళ్ళ శరీరం ఆ ప్రోటీన్ మీద ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకుని ఉంటుంది. అవి మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాల మీద అతుక్కుని కూర్చుంటాయి. మళ్ళీ ఆ ప్రోటీన్ వచ్చినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దద్దుర్లు, వాంతులు, ఆయాసం, ఒక్కోసారి బీపీ పడిపోవడం. ఐజీఈని గుర్తించింది 1960ల చివర్లోనే. అంతకుముందు రక్తంలో ఏదో ఉందని మాత్రం తెలుసు.

హోస్ట్: మనం రోజూ లెక్కలేనన్ని ప్రోటీన్లు తింటాం. వీటి మీదే ఎందుకు?

గెస్ట్: అసలు విషయం ఇక్కడుంది. మొక్కల ఆహారంలోని అలర్జెన్లలో ఎక్కువ భాగం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే ప్రోటీన్ కుటుంబాలకు చెందినవే. పల్లీలో అరా హెచ్ 2 అనే ప్రోటీన్ తీసుకోండి. ఇది 2ఎస్ ఆల్బుమిన్ కుటుంబం. చిన్న ప్రోటీన్, కానీ లోపల డైసల్ఫైడ్ బంధాలు గట్టిగా కుట్లు వేసినట్టు పట్టి ఉంచుతాయి. వేడికి తేలిగ్గా విప్పుకోదు, మన కడుపులో ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్‌కు త్వరగా లొంగదు. దీనికి కొంత ట్రిప్సిన్‌ను అడ్డుకునే గుణం కూడా ఉందని చూపించారు. పురుగు పేగులో తట్టుకునే గుణమే మన పేగు గోడ దాకా చెక్కుచెదరకుండా చేరడానికి కూడా పనికొస్తుంది. ఆవాలు, నువ్వులు, జీడిపప్పు, వాల్‌నట్... వీటన్నిటిలోనూ ఇదే కుటుంబం ప్రోటీన్లు ముఖ్యమైన అలర్జెన్లు.

హోస్ట్: అయితే అరగని ప్రోటీన్ ఏదైనా అలర్జీ తెస్తుందా?

గెస్ట్: అలా తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే. గట్టిగా ఉండే రక్షణ ప్రోటీన్లలో చాలావాటికి అలర్జీతో సంబంధమే లేదు. అరిగిపోయే ప్రోటీన్లు కూడా అలర్జెన్లు అవుతాయి. యాపిల్ తింటే నోరు దురదపెట్టేవాళ్ళున్నారు కదా? అక్కడ కారణం మాల్ డి 1 అనే సున్నితమైన ప్రోటీన్. ఉడికిస్తే పాడైపోతుంది, అందుకే చాలామందికి పచ్చి యాపిల్ పడదు గానీ ఉడికించింది పడుతుంది. వీళ్ళలో చాలామందికి మొదలైంది పండుతో కాదు, బర్చ్ చెట్టు పుప్పొడితో. రెండు ప్రోటీన్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి శరీరం పొరబడుతుంది. ఈ కుటుంబం కూడా మొక్కకు తెగులు సోకినప్పుడు పెరిగేదే.

హోస్ట్: నాకు వింతగా అనిపించేది ఒకటుంది. పురుగు మీద గురిపెట్టింది మనకు తగలడం ప్రమాదవశాత్తూ అనుకుందాం. కానీ మనకు హానే చేయలేని వాటి మీద కూడా శరీరం ఇంత గొడవ చేస్తుందా?

గెస్ట్: చేస్తుంది. కైటినేజ్‌లే చూడండి. పురుగు పైపెంకులో, శిలీంధ్రాల గోడల్లో కైటిన్ ఉంటుంది. దాన్ని కోసే ఎంజైమ్ కైటినేజ్. మన ఒంట్లో కైటిన్ లేదు, కాబట్టి అది మనలో కోయడానికి ఏమీ ఉండదు. అయినా అవకాడో, అరటి, చెస్ట్‌నట్‌లలో కొందరికి పడనివి ఈ కైటినేజ్‌లే. వాటికి ఒక చివర హెవీన్ అనే ప్రోటీన్ లాంటి భాగం ఉంటుంది. రబ్బరు చెట్టు పాలలో ఉండేది ఆ హెవీనే. అందుకే రబ్బరు గ్లవ్స్ పడని వాళ్ళలో సుమారు మూడోవంతు నుంచి సగం మందికి ఈ పండ్లలో ఏదో ఒకటి పడదు. డాక్టర్లు లేటెక్స్-ఫ్రూట్ సిండ్రోమ్ అంటారు. గ్లవ్స్‌కూ అరటిపండుకూ సంబంధం ఏమిటో వినగానే తట్టదు, ఈ కుటుంబం తెలిస్తే తప్ప.

హోస్ట్: మరి పురుగును తట్టుకునే పంటల కోసం ఇలాంటి ప్రోటీన్లను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కలో పెడితే?

గెస్ట్: పెట్టారు. రాజ్మాలో పురుగు అమైలేజ్‌ను అడ్డుకునే ప్రోటీన్ ఒకటుంది. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ జన్యువును బఠాణీలో పెట్టారు. గింజను తొలిచే పుచ్చుపురుగు మీద చక్కగా పనిచేసింది. 2005లో ఆ బఠాణీ తిన్న ఎలుకల్లో రోగనిరోధక స్పందన వచ్చిందని, తర్వాత ఆ ప్రోటీన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వాపు కనిపించిందని ప్రచురించారు. జన్యువు అదే, కానీ బఠాణీ కణం ప్రోటీన్‌కు తగిలించిన చక్కెర గొలుసులు కాస్త వేరు. ప్రాజెక్టు ఆపేశారు.

హోస్ట్: మంచి పని చేశారు కదా.

గెస్ట్: ఆపడం సబబే. కానీ కథ అక్కడ అయిపోలేదు. 2013లో వియన్నా బృందం ఎలుకలతోనే మళ్ళీ చేస్తే, మామూలు రాజ్మాకు, జన్యువు మార్చని బఠాణీకి కూడా అలాంటి స్పందనే వచ్చింది. ఈ కథలో మొదటి సగం చెప్పి జీఎం పంటలు, అంటే జన్యువులు మార్చిన పంటలు, అన్నీ ప్రమాదమనేవాళ్ళున్నారు, రెండో సగం చెప్పి పరీక్షలన్నీ వృథా అనేవాళ్ళున్నారు. నాకు ఇద్దరి మీదా చిరాకే. ఆ ఎలుక పరీక్ష మనిషి అలర్జీని అంత నమ్మకంగా చెప్పలేదన్నదే అందులోంచి నేను తీసుకునేది.

హోస్ట్: ఒక శ్రోత ప్రశ్న. పురుగుమందు కొట్టని పంట తింటే అలర్జీ రాదా?

గెస్ట్: మందు అవశేషాల సంగతి వేరు. ఇక్కడ అలర్జెన్ మొక్క సొంత ప్రోటీన్. ఎలా పండించినా పల్లీలో అరా హెచ్ 2 ఉంటుంది. పల్లీ పడనివాళ్ళు "ఇది ఆర్గానిక్ కదా" అని ధైర్యం చేస్తే ప్రాణం మీదకొస్తుంది.

హోస్ట్: ఇంకొకటి. రక్తపరీక్షలో ఒక్కసారే చాలా పదార్థాలకు పాజిటివ్ వచ్చిందట. అన్నీ మానేయాలా అని టెన్షన్ పడుతున్నారు.

గెస్ట్: రిపోర్టు చూసి సొంతంగా మానేయొద్దు. పాజిటివ్ అంటే ఐజీఈ ఉందని మాత్రమే. తిన్నప్పుడు నిజంగా ఏం జరిగిందన్నది ముఖ్యం. ఇప్పుడు పల్లీ మొత్తానికి కాకుండా ఒక్కో ప్రోటీన్‌కు విడిగా పరీక్ష చేస్తున్నారు. అరా హెచ్ 2కి ఐజీఈ ఉంటే తీవ్రమైన రియాక్షన్ భయం ఎక్కువ. అరా హెచ్ 8 అనేదానికి మాత్రమే ఉంటే, అది పుప్పొడి కుటుంబం, మామూలుగా నోటి దురదతో ఆగిపోతుంది. ఇద్దరి రిపోర్టులోనూ "పల్లీ పాజిటివ్" అనే ఉంటుంది. ఈ తేడా తేల్చాల్సింది అలర్జీ డాక్టరే. ఇదివరకు గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి జరిగినవాళ్ళు అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవడం గురించి కూడా ఆ డాక్టర్నే అడగాలి. అలాంటప్పుడు అలర్జీ మాత్ర వేసుకుని తగ్గుతుందేమో అని ఎదురుచూడకూడదు, ముందు ఇవ్వాల్సింది అడ్రినలినే.