సాకెట్ సరిపోయింది, మరి స్క్రీన్ ఎందుకు రాలేదు?

[తెర మీద: మదర్‌బోర్డు సాకెట్ దగ్గరి నుంచి. పైన ప్రాసెసర్ పట్టుకున్న చెయ్యి]

నమస్కారం. ఈమధ్య ఒక రాత్రి పదకొండింటికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, ప్రాసెసర్ చక్కగా కూర్చుంది. ఫ్యాన్ తిరుగుతోంది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావట్లేదు."

గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. దాచుకున్న డబ్బుతో కొన్నాడు మరి.

"బోర్డు ఏదిరా?"

"పాతదే, హెచ్110. ప్రాసెసర్ ఐ5-8400. రెండూ ఎల్‌జీఏ 1151 సాకెట్‌వే కదా మామయ్యా. అమ్మినాయన కూడా సరిపోతుందనే చెప్పాడు."

వాడి దగ్గర అంతకుముందు ఆరో తరం ఐ5 ఉండేది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. దాని పేరు ఒకటే కాబట్టి ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే పనైపోతుందనుకున్నాడు. వాడిని తప్పుపట్టలేను. ఆ పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

[తెర మీద: పక్కపక్కనే రెండు 1151 ప్రాసెసర్లు, అడుగు భాగం పైకి]

ముందు ఈ 1151 అంటే ఏంటో చూద్దాం. సాకెట్‌లో ఉండే పిన్నుల సంఖ్య అది. ప్రతి పిన్నుకూ ఒక పని ఉంటుంది. కొన్ని కరెంటు తెస్తాయి, కొన్ని ర్యామ్‌తో మాట్లాడతాయి, కొన్ని గ్రాఫిక్స్ కార్డుకు దారి. కొన్నింటిని ముందుముందు పనికొస్తాయని ఖాళీగా వదిలేస్తారు.

2015లో ఆరో తరంతో ఈ సాకెట్ వచ్చింది. ఏడో తరం కూడా ఇందులోనే నడిచింది. వీటి బోర్డులు 100, 200 సిరీస్‌లవి. 2017లో ఎనిమిదో తరం వచ్చేసరికి ఐ5, ఐ7లలో నాలుగు కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, కాస్తా ఆరు అయ్యాయి. కోర్లు పెరిగితే కరెంటూ ఎక్కువ కావాలి. అందుకని అంతవరకూ ఖాళీగా ఉన్న పిన్నుల్లో కొన్నింటిని కరెంటుకు కేటాయించారు. సంఖ్య మారలేదు, పేరు మారలేదు, పిన్నుల పని మారింది. ఎనిమిది, తొమ్మిది తరాలకు 300 సిరీస్ బోర్డు కావాల్సిందే అని ఇంటెల్ చెప్పేసింది.

కొందరు ఔత్సాహికులు బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డును లేపే సాఫ్ట్‌వేర్, మార్చి, పాత బోర్డుల మీదే కొత్త ప్రాసెసర్లు నడిపి చూపించారు. అయినా రోజూ చదువుకోవాల్సిన పిల్లాడికి ఆ దారి నేను చెప్పను. నా మాటగా చెప్తున్నా, పిన్నుల పని మారినప్పుడు పేరు కూడా మార్చి ఉండాల్సింది. పట్టడం వేరు, పనిచెయ్యడం వేరు. మా వాడిది 100 సిరీస్ బోర్డు, ప్రాసెసరేమో ఎనిమిదో తరంది. జరిగింది అదే.

[తెర మీద: ఏఎం4 సాకెట్, 1331 రంధ్రాలు]

ఇప్పుడు ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వైపు వద్దాం. ఇక్కడ కథ పూర్తిగా వేరు. వాళ్ల సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, బోర్డు మీద రంధ్రాలుంటాయి. ఏఎండీ ప్రాసెసర్ల పేరు రైజెన్. 2017లో మొదటి రైజెన్ నుంచి 2020లో వచ్చిన రైజెన్ 5000 దాకా మామూలు డెస్క్‌టాప్‌లవన్నీ ఈ సాకెట్‌లోనే వచ్చాయి. 2018 నాటి బీ450 బోర్డు మీద 2022లో వచ్చిన రైజెన్ 5 5600 హాయిగా నడుస్తుంది. కాకపోతే ఆ బోర్డు తయారైనప్పుడు ఈ ప్రాసెసర్ ఇంకా పుట్టలేదు కదా! బోర్డుకు దాన్ని పరిచయం చేసేది బయోస్. పాత బయోస్‌తో పెడితే ఇక్కడా స్క్రీన్ నల్లగానే ఉంటుంది.

అసలు 2020 మేలో ఏఎండీ, రైజెన్ 5000 కోసం 500 సిరీస్ బోర్డులే కావాలంది. బీ450 కొన్నవాళ్లు గట్టిగా అడిగేసరికి మనసు మార్చుకుంది. బయోస్ ఉండే చిప్ చిన్నది, చాలా బోర్డుల్లో 16 మెగాబైట్లే. కొత్తవాటికి చోటివ్వడానికి కొన్ని బోర్డుల బయోస్‌లో పాత ప్రాసెసర్లను తీసేయాల్సి వచ్చింది. కాబట్టి అప్‌డేట్ చేసేముందు, కంపెనీ సైట్‌లో ఆ బయోస్ ఉన్న పేజీలో రాసిన గమనిక పూర్తిగా చదవండి.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. పాత ప్రాసెసర్‌ను తొందరపడి అమ్మేయకండి. దాన్ని బోర్డులో ఉంచి ముందు బయోస్ అప్‌డేట్ చేయండి, ఆ తర్వాతే కొత్తది పెట్టండి. కొన్ని బోర్డులకు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, వాటికి ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ అయిపోతుంది. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. యూపీఎస్ లేకపోతే అరువు తెచ్చుకునైనా పెట్టుకోండి.

[తెర మీద: బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్]

మరి కొనేముందు ఎలా తెలుసుకోవాలి? బోర్డు మీద అచ్చేసిన పూర్తి పేరు, దాని పక్కన రివిజన్ నంబర్ రాసుకోండి. కంపెనీ సైట్‌లో ఆ బోర్డు పేజీ తెరిచి, సీపీయూ సపోర్ట్ లిస్ట్‌లో మీ ప్రాసెసర్ పేరు వెతకండి. పక్కనే ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొంటున్నా, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నా, డబ్బు ఇచ్చేముందు ఫోన్‌లో ఇది చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

ర్యామ్ కూడా చూసుకోవాలి. డీడీఆర్4, డీడీఆర్5 అని ర్యామ్‌లో రకాలుంటాయి. ఇంటెల్ మరో సాకెట్ ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5కైతే డీడీఆర్5 ఒక్కటే. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ విషయానికొస్తే, ఇంటెల్ ఎల్‌జీఏ 1200 సాకెట్ నుంచి 1700కి మారేటప్పుడు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి పెరిగింది, అందుకే పాత కూలర్‌కు వేరే బ్రాకెట్ కావాలి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు లేకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా స్క్రీన్ రాదు.

[తెర మీద: కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతున్న చెయ్యి]

ఏఎం4లో పాత కూలర్ తీసేటప్పుడు చాలామందికి ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడొస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ ఎండి అతుక్కుపోవడమే కారణం. ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కనివ్వండి. ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేశాక పైకెత్తండి. కొత్తది పెట్టేటప్పుడు మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ మీది గుర్తుతో కలవాలి. ప్రాసెసర్ దానంతటదే దిగాలి, వేలితో నొక్కొద్దు.

మా మేనల్లుడి ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు. వెతికి వెతికి 300 సిరీస్‌లోని ఒక హెచ్310 బోర్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, వాడి డీడీఆర్4 ర్యామ్ అందులోకే పనికొచ్చింది. మొదటిసారి ఆన్ చేయగానే బయోస్ తెరను ఫొటో తీసి పంపాడు, ఐ5-8400 అని కనిపిస్తోంది. ఇప్పుడు పాత హెచ్110 బోర్డు అమ్మాలి. "సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టి అమ్మరా, పిన్నులు వంగితే కొన్నవాళ్లు ఏడుస్తారు" అన్నాను. మూత ఎక్కడ పెట్టాడో ఇంకా వెతుకుతున్నాడు.